లిమిటెడ్ యూజర్ ఖాతా లాగిన్ కాకపోతే, దాన్ని అడ్మిన్ చేసేయకండి

కంప్యూటర్ ఒకటే, వాడేవాళ్లు నలుగురు అన్నప్పుడు అన్నీ మార్చే హక్కున్న అడ్మిన్ ఖాతా ఒకటి పెట్టుకుని మిగతావాళ్లకు తక్కువ హక్కులుండే లిమిటెడ్ ఖాతాలు ఇవ్వడం మంచిదని అందరూ చెప్తారు. నేనూ చెప్తాను. కానీ ఆ లిమిటెడ్ ఖాతా ఏదో ఒక రోజు మొరాయించి, పాస్‌వర్డ్ కొట్టగానే ఏదో మెసేజ్ చూపించి మళ్లీ లాగిన్ స్క్రీన్ దగ్గరికే తెచ్చి పడేస్తే ఏం చేయాలో సరిగ్గా చెప్పేవాళ్లు తక్కువ. ఎక్కువమంది చేసే పని ఒకటే. అడ్మిన్ ఖాతాలోకి వెళ్లి, ఈ లిమిటెడ్ ఖాతాను కూడా అడ్మిన్‌గా మార్చేస్తారు. కొన్నిసార్లు దాంతో లాగిన్ అయిపోతుంది కూడా. ఇంకేముంది, సెట్ అయిపోయిందని లేచి వెళ్లిపోతారు.

ఏం సెట్ అవ్వలేదు. అడ్మిన్ చేస్తే పని అయిందంటేనే, ఎక్కడో ఒక పర్మిషన్ తేడాగా ఉందని కంప్యూటర్ మీకు చెప్తోందన్నమాట. అది అలాగే ఉంది. రేపు ఇంకో లిమిటెడ్ ఖాతా చేస్తే అదీ ఇలాగే ఆగిపోతుంది, ఈలోగా ఎవరికైతే అడ్మిన్ హక్కులు ఇవ్వకూడదని మొదట అనుకున్నారో వాళ్లకే ఇచ్చేసి కూర్చున్నారు. మెసేజ్‌ని పూర్తిగా, అక్షరం పొల్లుపోకుండా చదివితే చాలావరకు ఇంత దూరం వెళ్లే అవసరమే ఉండదు. చాలామంది ఆ మెసేజ్‌ని ఫొటో కూడా తీయకుండా ఓకే కొట్టేసి, తర్వాత నాకు ఫోన్ చేసి "ఏదో ఎర్రర్ వచ్చింది" అంటారు. ఏదో అంటే ఏది?

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో దీన్ని లిమిటెడ్ ఖాతా అనేవాళ్లు, విస్టా నుంచి స్టాండర్డ్ యూజర్ అంటున్నారు. ఇక్కడ రెండూ ఒకటే అనుకోండి. నేను ఎక్కువగా విండోస్ 10, 11 గురించే చెప్తాను, మధ్యలో లైనక్స్ గురించి కూడా కొంచెం.

లాగిన్ అనేది బయటికి ఒక్క పనిలా కనిపిస్తుంది గానీ లోపల వరుసగా మూడు జరుగుతాయి. ఇచ్చిన పేరు, పాస్‌వర్డ్ సరైనవేనా అని మొదట చూస్తుంది. సరైనవైతే, ఈ ఖాతాకు ఇప్పుడు ఈ కంప్యూటర్ మీద కూర్చునే అనుమతి ఉందా అని చూస్తుంది. అదీ దాటితే అప్పుడు ఆ మనిషి ప్రొఫైల్‌ని, అంటే డెస్క్‌టాప్, సెట్టింగులు, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) ఆ మనిషి వాటా, ఇవన్నీ లోడ్ చేస్తుంది. ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే ఒకదాని మందు ఇంకోదానికి అస్సలు పనికిరాదు. ప్రొఫైల్ పాడైతే పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఎక్కడి గొంగళి అక్కడే.

ముందు పాస్‌వర్డ్ సంగతి, త్వరగా ముగించేద్దాం. క్యాప్స్ లాక్, నమ్ లాక్ అందరికీ తెలిసినవే. అంతగా గుర్తుకురానిది కీబోర్డ్ లేఅవుట్. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టుకున్నవాళ్లు స్క్రీన్ లాక్ చేసి మళ్లీ వచ్చినప్పుడు లాగిన్ స్క్రీన్ మీద కూడా అదే లేఅవుట్ ఉండొచ్చు, మీరు కొట్టేది మీకు చుక్కల్లాగే కనిపిస్తుంది కాబట్టి తేడా తెలీదు. కుడివైపు కింద మూలలో భాష గుర్తు ఉంటుంది, చూడండి. విండోస్ మీట పట్టుకుని స్పేస్ కొడితే మారుతుంది. పాస్‌వర్డ్ పెట్టెలో చివరన కన్ను బొమ్మ ఉంటుంది, దాన్ని నొక్కిపట్టి ఏం టైప్ అయిందో ఒకసారి చూసుకుంటే ఈ గొడవంతా పోతుంది.

ఇంకోటి, పేరు. మీ లాగిన్ స్క్రీన్ మీద కనిపించే పేరు, అసలు ఖాతా పేరు ఒకటే అవ్వాలని లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో "చేంజ్ అకౌంట్ నేమ్" అని మార్చారంటే మారింది పైకి కనిపించే పూర్తి పేరు మాత్రమే, లోపల పాత పేరే ఉంటుంది. మామూలుగా బొమ్మ మీద క్లిక్ చేసి వెళ్లేవాళ్లకు దీంతో ఇబ్బంది లేదు. "అదర్ యూజర్" అని వచ్చి పేరు కూడా మీరే టైప్ చేయాల్సి వచ్చినప్పుడు కొత్త పేరు కొడితే "పేరో, పాస్‌వర్డో తప్పు" అంటుంది. తప్పు పాస్‌వర్డ్‌లో కాదు, పేరులో. అడ్మిన్ ఖాతాలో కమాండ్ ప్రాంప్ట్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి నెట్ యూజర్ (net user) అని కొడితే అసలు పేర్ల జాబితా వస్తుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ అయితే పేరు ముందు ఒక చుక్క, ఒక బ్యాక్‌స్లాష్ పెట్టండి, ఇలా .\ అన్నమాట, అప్పుడు అది నెట్‌వర్క్ ఖాతా కోసం వెతక్కుండా ఈ కంప్యూటర్‌లోని ఖాతానే చూస్తుంది.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవాళ్లు ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చుకుని, నెట్ లేని కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటారు. దానికి ఆ సంగతి ఇంకా తెలీదు, పాతదే అడుగుతుంది. నెట్ కలపండి, లేదా ఈ ఒక్కసారికి పాతదే కొట్టండి. పిన్ అయితే దీనికి సంబంధం లేదు, పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కే పరిమితం.

అడ్మిన్‌గా ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. లోకల్ ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయారని మీరు అడ్మిన్ నుంచి రీసెట్ చేయడం సులువే, కానీ అలా చేస్తే ఆ ఖాతాలో విండోస్ ఎన్‌క్రిప్షన్‌తో దాచిన ఫైళ్లు, బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు మళ్లీ తెరుచుకోకపోవచ్చు. ఆ తాళాలు పాత పాస్‌వర్డ్‌కు కట్టి ఉంటాయి. రీసెట్ చేసేముందు ఆ డబ్బాలో విండోస్ ఈ మాటే చెప్తుంది, ఎవరూ చదవరు. కాస్త కూర్చుని గుర్తు తెచ్చుకునే అవకాశం ఏమాత్రం ఉన్నా ముందు అది చేయండి.

ఇక రెండోది, అనుమతి. పాస్‌వర్డ్ కరెక్టే, అయినా రానివ్వదు. లిమిటెడ్ ఖాతాలకు వచ్చే చిక్కుల్లో మంచి రసవత్తరమైనవి ఇక్కడే ఉంటాయి, ఎందుకంటే ఈ ఆంక్షల్లో చాలావరకు ఎవరో ఒకరు కావాలని పెట్టి మర్చిపోయినవే.

నెట్ యూజర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ ఖాతా పేరు కొట్టండి. ఒక చిన్న చిట్టా వస్తుంది. అందులో "అకౌంట్ యాక్టివ్" అన్న లైన్‌లో ఎస్ ఉందా, నో ఉందా, లాక్‌డ్ ఉందా చూడండి. నో అంటే డిసేబుల్ చేశారు. లాక్‌డ్ అంటే తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువసార్లు కొట్టారు. విండోస్ 11లో 22హెచ్2 అనే వెర్షన్ నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో పదిసార్లు తప్పు కొడితే పది నిమిషాలు లాక్ పడేలా డిఫాల్ట్‌గానే పెట్టారు. పిల్లలు సరదాగా నొక్కినా సరిపోతుంది. పది నిమిషాలు ఏమీ ముట్టుకోకుండా ఊరుకుంటే అదే విడుస్తుంది, దీనికి టెన్షన్ అక్కర్లేదు. మధ్యమధ్యలో "ఇప్పుడేమైనా వస్తుందేమో" అని మళ్లీ మళ్లీ కొట్టడం వల్ల మాత్రం ఏమీ ఒరగదు.

అదే చిట్టాలో "పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్స్" అని ఒక తేదీ ఉంటుంది. విండోస్‌లో లోకల్ పాస్‌వర్డ్‌కు డిఫాల్ట్ గడువు 42 రోజులు. సెట్టింగ్స్‌లోంచి మామూలుగా చేసిన ఖాతాకు ఇది సాధారణంగా అడ్డురాదు, ఎవరైనా చురుకైనవాళ్లు కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజర్ కమాండ్‌తో ఖాతా సృష్టిస్తే మాత్రం ఈ గడువు అంటుకుంటుంది. నెలన్నర బ్రహ్మాండంగా పనిచేసి ఒక ఉదయం హఠాత్తుగా "పాస్‌వర్డ్ మార్చుకోవాలి" అంటుంది. మార్చుకుంటే సరిపోతుంది కదా అంటారా, ఆ ఖాతాకు "యూజర్ కెనాట్ చేంజ్ పాస్‌వర్డ్" అని కూడా టిక్ పెట్టి ఉంటే? మార్చుకోవాలంటుంది, మార్చుకోనివ్వదు. కమాండ్‌తో ఖాతాలు చేసినవాళ్లే ఈ టిక్ కూడా పెడుతుంటారు, కాబట్టి రెండూ కలిసి రావడం మీరనుకున్నంత అరుదేం కాదు. అడ్మిన్‌లోంచి కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో యూజర్స్ దగ్గరికి వెళ్లి పాస్‌వర్డ్‌కు గడువు లేకుండా చేస్తే పోతుంది. విండోస్ హోమ్‌లో ఆ యూజర్స్ పేజీ ఉండదు. అక్కడ అడ్మిన్ ప్రాంప్ట్‌లో నెట్ అకౌంట్స్ కమాండ్‌కు మ్యాక్స్‌పీడబ్ల్యూఏజ్ అన్న స్విచ్ ఇచ్చి, కోలన్ పెట్టి, అన్‌లిమిటెడ్ అని కొట్టాలి, ఇలా net accounts /maxpwage:unlimited అన్నమాట.

ఇంకొంచెం కిందికి వెళ్తే "లాగాన్ అవర్స్ అలౌడ్". ఇక్కడ ఆల్ అని ఉండాలి. పిల్లల ఖాతాకు రాత్రిళ్లు రాకుండా ఎప్పుడో టైమ్ పెట్టి ఉంటారు, ఇప్పుడు పిల్లాడు పెద్దవాడై రాత్రి ప్రాజెక్ట్ చేసుకోవాలంటే రానివ్వదు. మెసేజ్ కూడా స్పష్టంగానే ఉంటుంది, మీ ఖాతాకు సమయ పరిమితులున్నాయి, తర్వాత ప్రయత్నించండి అని. అయితే పట్టపగలు మధ్యాహ్నం కూడా ఈ మెసేజే వస్తోందంటే గడియారం చూడండి. లాగిన్ స్క్రీన్ మీద పెద్ద అక్షరాలతో టైమ్ ఉంటుంది కదా, దాన్ని ఎవరూ చూడరు. మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ల బ్యాటరీ, ఎక్కువ డెస్క్‌టాప్‌లలో సీఆర్ 2032 రకం, అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ, టైమ్ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతాయి. కంప్యూటర్ దృష్టిలో అప్పుడు అర్ధరాత్రి. బ్యాటరీ మారిస్తే లాగిన్ సమస్య పోతుందంటే ఎవరూ నమ్మరు, కానీ అంతే.

"మీరు వాడుతున్న సైన్-ఇన్ పద్ధతికి అనుమతి లేదు" అనే అర్థం వచ్చే మెసేజ్ ఇంకొకటి ఉంది. దీని దగ్గరే జనం ఖాతాను అడ్మిన్ చేసేస్తారు, అది పనిచేస్తుంది కూడా. ఎందుకు పనిచేస్తుందో చూడండి. కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయ్యే హక్కు విండోస్‌లో ఒక్కో మనిషికి కాకుండా గ్రూపులకు ఇచ్చి ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపుకు ఉంటుంది, యూజర్స్ గ్రూపుకు ఉంటుంది. ఎవరో ఒక ఖాతాను అడ్మిన్ నుంచి తీసేటప్పుడు కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో గ్రూపులోంచి పేరు తీసేసి, యూజర్స్ గ్రూపులో చేర్చడం మరిచిపోతారు. అప్పుడు ఆ ఖాతా ఏ గ్రూపులోనూ ఉండదు, లాగిన్ స్క్రీన్ మీద దాని బొమ్మ కూడా కనిపించదు, పేరు కొట్టి ప్రయత్నిస్తే ఈ మెసేజ్ రావొచ్చు. అడ్మిన్ చేస్తే హక్కున్న గ్రూపులో పడుతుంది కాబట్టి లోపలికి వస్తుంది. చేయాల్సిందల్లా యూజర్స్ గ్రూపులో చేర్చడం. నెట్ లోకల్‌గ్రూప్ యూజర్స్ అని కొట్టి, ఖాతా పేరు ఇచ్చి, చివర ఒక స్లాష్ పెట్టి యాడ్ అంటే (net localgroup users ఖాతాపేరు /add) అయిపోయింది. ఇందాక చూసిన చిట్టాలో అట్టడుగున "లోకల్ గ్రూప్ మెంబర్‌షిప్స్" అని ఉంటుంది, అక్కడ ఖాళీగా ఉందంటే ఇదే కేసు.

గ్రూపులో ఉన్నా అదే మెసేజ్ వస్తే లోకల్ సెక్యూరిటీ పాలసీలో యూజర్ రైట్స్ అసైన్‌మెంట్ చూడాలి. అక్కడ "అలౌ లాగాన్ లోకల్లీ", "డినై లాగాన్ లోకల్లీ" అని రెండుంటాయి. రెండింటిలోనూ పేరుంటే డినైదే గెలుపు. ఇది ప్రో, ఆపై ఎడిషన్లలోనే ఉంటుంది, హోమ్‌లో ఈ పేజీ ఉండదు. రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా వచ్చే లిమిటెడ్ ఖాతాకైతే విడిగా రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో పేరుండాలి. పైగా పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టుకున్న ఖాతా కంప్యూటర్ ముందు కూర్చుంటేనే పనిచేస్తుంది, రిమోట్‌లో రాదు. అది ఎర్రర్ కాదు, విండోస్ కావాలనే అలా పెట్టింది.

మెసేజ్ సరిగ్గా అర్థం కాకపోతే అడ్మిన్ ఖాతాలో ఈవెంట్ వ్యూయర్ తెరవండి, కంప్యూటర్‌లో జరిగినవి రాసుకునే చిట్టాలు (లాగ్‌లు) అందులో ఉంటాయి. సెక్యూరిటీ లాగ్‌లో ఫెయిలైన లాగిన్‌కు 4625 అనే నంబర్ ఉంటుంది. దాన్ని తెరిస్తే "సబ్ స్టేటస్" అని ఒక పొడుగాటి కోడ్ కనిపిస్తుంది. అది చూసి హడలిపోకండి, చివరి అంకెలు చూస్తే చాలు. 64తో ముగిస్తే అసలు ఆ పేరుతో ఖాతాయే లేదు. 6 పక్కన ఏ (A) అక్షరం ఉంటే పేరు కరెక్ట్, పాస్‌వర్డ్ తప్పు. 6 పక్కన ఎఫ్ (F) అంటే టైమ్ ఆంక్ష, 71 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 72 అంటే డిసేబుల్, 193 అంటే ఖాతా గడువే తీరింది, 224 అంటే ముందు పాస్‌వర్డ్ మార్చాలి, 234 అంటే లాక్. సబ్ స్టేటస్‌లో అన్నీ సున్నాలే ఉంటే దాని పక్కనే ఉండే "స్టేటస్" కోడ్ చూడండి. లాగిన్ స్క్రీన్ మీద పేరు తప్పా, పాస్‌వర్డ్ తప్పా అన్నది విండోస్ కావాలనే చెప్పదు, బయటివాళ్లకు ఆనవాలు దొరక్కూడదని. ఇక్కడ మాత్రం దాచకుండా చెప్పేస్తుంది. కొన్ని కంప్యూటర్లలో ఫెయిలైన లాగిన్లు రాసుకోవడం ఆఫ్‌లో ఉంటుంది, అప్పుడు సెక్యూరిటీ పాలసీలో ఆడిట్ దగ్గర ఆన్ చేసి ఇంకోసారి ఫెయిల్ అవ్వనివ్వాలి.

ఇప్పుడు మూడోది, ప్రొఫైల్. అసలు తలనొప్పి ఇదే. "యూజర్ ప్రొఫైల్ సర్వీస్ ఫెయిల్డ్ ద సైన్-ఇన్, యూజర్ ప్రొఫైల్ కెనాట్ బి లోడెడ్" అని వస్తుంది. లేదా అంతకంటే మోసకారిగా, లాగిన్ అయిపోతుంది గానీ డెస్క్‌టాప్ మొత్తం ఖాళీగా, కొత్త కంప్యూటర్‌లా ఉంటుంది. మా పిన్ని ఒకసారి ఫోన్ చేసి "ఒరేయ్, ఫొటోలన్నీ పోయాయిరా, ఎవడో తుడిచేశాడు" అంది గొంతు వణుకుతుండగా. "పిన్నీ, ఏం పోలేదు. నువ్వు ఇప్పుడు అందులో ఏమీ సేవ్ చేయకు, కొత్తగా ఏమీ టైప్ చేయకు, సైన్ అవుట్ కొట్టు" అన్నాను. "ఇందాకే ఒక లెటర్ రాసి డెస్క్‌టాప్ మీద పెట్టానురా" అంది. ఆ లెటర్ పోయింది. అదీ దీంతో వచ్చే నష్టం.

అసలు ప్రొఫైల్ తెరుచుకోనప్పుడు విండోస్ ఒక తాత్కాలిక ప్రొఫైల్ ఇస్తుంది. సైన్ అవుట్ అవ్వగానే దాన్ని, అందులో పెట్టినవన్నీ కలిపి, తుడిచేస్తుంది. మీ పాత ఫైళ్లు మాత్రం సీ డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ కింద మీ పేరున్న ఫోల్డర్‌లో అలాగే భద్రంగా ఉంటాయి. కాబట్టి ఖాళీ డెస్క్‌టాప్ కనిపిస్తే కంగారుపడి రికవరీ సాఫ్ట్‌వేర్లు డౌన్‌లోడ్ చేయకండి, ముందు ఆ ఫోల్డర్ చూడండి.

రిపేర్ మొదలుపెట్టేముందు ఒకసారి రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయడం కాదు, మెనూలో రీస్టార్టే నొక్కండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అనేది పూర్తి షట్‌డౌన్ కాదు, సిస్టమ్ కొంత భాగాన్ని డిస్క్‌లో అలాగే దాచిపెట్టి మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్ మాత్రం అంతా మొదటినుంచి మొదలుపెడుతుంది. ప్రొఫైల్ ఫైల్‌ని యాంటీవైరస్సో ఇంకేదో ప్రోగ్రామో పట్టుకుని వదలకపోవడం వల్ల వచ్చిన సమస్యయితే ఇక్కడితోనే తీరుతుంది. అలాగే సీ డ్రైవ్‌లో ఖాళీ ఎంత ఉందో చూడండి. డిస్క్ నిండిపోతే కొత్త ప్రొఫైల్ తయారవ్వదు, పాతది సరిగ్గా తెరుచుకోదు, మెసేజ్ మాత్రం డిస్క్ నిండిందని చెప్పదు.

తర్వాత ఒక ప్రశ్న వేసుకోవాలి. ఆగిపోతున్నది పాత ఖాతానా, ఇప్పుడే చేసిన కొత్త ఖాతానా?

కొత్త ఖాతా మొదటిసారి లాగిన్‌లోనే ఆగిపోతుంటే, పాతవన్నీ బాగానే ఉంటే, తప్పు ఆ ఖాతాలో లేదు. యూజర్స్ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అని దాచిన ఫోల్డర్ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు విండోస్ దాన్ని అచ్చులా తీసుకుని వాళ్ల ప్రొఫైల్ పోస్తుంది. ఆ కాపీ కొత్త యూజర్ హక్కులతోనే జరుగుతుంది. ఆ ఫోల్డర్‌లో ఏ ఒక్క ఫైల్‌నైనా యూజర్స్ గ్రూపు చదవలేకపోతే కాపీ అక్కడే ఆగుతుంది, లాగిన్ ఫెయిల్. అడ్మిన్‌కు ఆ ఫైల్ చదివే హక్కు ఉంటుంది కాబట్టి ఖాతాను అడ్మిన్ చేయగానే దారి తెరుచుకోవచ్చు. మొదట్లో నేను మొత్తుకున్నది దీని గురించే.

ఈవెంట్ వ్యూయర్‌లో ఈసారి అప్లికేషన్ లాగ్‌కు వెళ్లి యూజర్ ప్రొఫైల్ సర్వీస్ రాసినవి చూడండి. 1509 ఉంటే ఫలానా ఫైల్ కాపీ కాలేదని ఫైల్ పేరుతో సహా రాసి ఉంటుంది, కింద "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని కూడా. దానికి వెళ్లి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్‌లో యూజర్స్ గ్రూపుకు రీడ్ అండ్ ఎగ్జిక్యూట్ ఉందో లేదో చూసి, లేకపోతే ఇవ్వండి. ఆ పర్మిషన్ పై ఫోల్డర్ నుంచి కిందికి దిగేలా పెట్టండి, ఒక్కో ఫైల్‌కూ ఇచ్చుకుంటూ కూర్చోకండి. ఫైల్ పేరు చదివితే ఒక్కోసారి నవ్వొస్తుంది, ఎవరో ఎప్పుడో ఆ ఫోల్డర్‌లో పడేసి వదిలేసిన ఏ షార్ట్‌కట్టో అయి ఉంటుంది. డిఫాల్ట్‌లోని ఎన్‌టీయూజర్ డాట్ డ్యాట్ (NTUSER.DAT) అనే ఫైలే పాడైపోయి ఉంటే, సరిగ్గా అదే విండోస్ వెర్షన్ ఉన్న వేరే కంప్యూటర్ నుంచి ఆ ఫైల్ తెచ్చి పెట్టాలి. పాతదాన్ని పేరు మార్చి పక్కన ఉంచండి, తీసేయకండి.

పాత ఖాతానే ఆగిపోతే రిజిస్ట్రీ వైపు వెళ్లాలి. ఇందులో గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడకండి. రిజిస్ట్రీని తెరిచి చూపించే రెజ్‌ఎడిట్‌లో (regedit) లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్ ఎన్‌టీ, కరెంట్ వెర్షన్, ప్రొఫైల్ లిస్ట్ అని వరుసగా వెళ్లి, ముందు ఆ ప్రొఫైల్ లిస్ట్ మీద రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. ఆ తర్వాతే చేయి పెట్టండి. లోపల పొడవాటి నంబర్లు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో ఖాతా. చివర 500 ఉన్నది విండోస్‌తో పాటు వచ్చే అడ్మినిస్ట్రేటర్, మనం చేసుకున్నవి 1000 నుంచి మొదలవుతాయి. ఒక్కోదాని మీద క్లిక్ చేస్తే కుడివైపు "ప్రొఫైల్ ఇమేజ్ పాత్" దగ్గర ఎవరి ఫోల్డరో కనిపిస్తుంది.

ఒకే నంబర్ రెండుసార్లు ఉండి, ఒకదాని చివర చుక్క పెట్టి బ్యాక్ (.bak) అని ఉంటే, అదే రోగం. విండోస్ అసలు ప్రొఫైల్‌ని పక్కన పెట్టి తాత్కాలికాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టిందన్నమాట. అప్లికేషన్ లాగ్‌లో 1515, 1511 అని కనిపించేవి ఇవే. తోక లేనిదానికి చివర ఇంకేదైనా తోక తగిలించి పక్కకు జరపండి, తర్వాత బ్యాక్ అని ఉన్నదాని తోక తీసేయండి. దాని కుడివైపు "స్టేట్", "రెఫ్ కౌంట్" అని ఉంటే రెండింటినీ సున్నా చేయండి. రీస్టార్ట్ చేసి లాగిన్ అవ్వండి. తోక ఉన్నది ఒక్కటే ఉంటే దాని తోక తీస్తే చాలు.

తోకలేమీ లేకుండా నంబర్ ఒక్కటే ఉండి, అయినా తాత్కాలిక ప్రొఫైలే వస్తోందంటే ఆ పాత్‌లో ఉన్న ఫోల్డర్ పేరు, డిస్క్ మీద ఉన్న ఫోల్డర్ పేరు పోల్చి చూడండి. యూజర్ ఫోల్డర్ పేరు బాలేదని ఎవరో ఎక్స్‌ప్లోరర్‌లో రీనేమ్ చేసి ఉంటారు. విండోస్ పాత పేరుతో వెతుకుతుంది, దొరకదు. ఫోల్డర్‌కు పాత పేరు తిరిగి పెట్టేయండి. కొత్త పేరే ఉండాలని రిజిస్ట్రీలో మారిస్తే లాగిన్ అవుతుంది గానీ, పాత దారిని రాసిపెట్టుకున్న ప్రోగ్రాములు ఒక్కొక్కటే మొరాయిస్తాయి, నేనైతే ఆ పని చేయను.

లైనక్స్‌లోనూ మామూలు యూజర్‌కు ఇలాంటిదే ఒకటి వస్తుంది. పాస్‌వర్డ్ కొడితే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్ దగ్గరికే వస్తుంది, మెసేజ్ కూడా ఉండదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ లాగిన్‌లో ప్రయత్నించండి. అక్కడ లాగిన్ అయితే పాస్‌వర్డ్ తప్పు లేదు, తేడా మీ హోమ్ ఫోల్డర్‌లోనో డిస్క్‌లోనో ఉంది. ఎప్పుడో గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ని సూడోతో, అంటే అడ్మిన్ హక్కులతో నడిపితే హోమ్‌లో ఉండే ఎక్స్అథారిటీ (.Xauthority) అనే దాచిన ఫైల్ రూట్ (లైనక్స్ అడ్మిన్) పేరు మీదకు వెళ్లిపోతుంది, దాన్ని చౌన్ (chown) కమాండ్‌తో మళ్లీ మీ పేరు మీదకు తెచ్చుకోవాలి. డిస్క్ నిండినా, టెంప్ ఫోల్డర్ పర్మిషన్ 1777 కాకుండా మారినా ఇదే తంతు. టెక్స్ట్‌లో కూడా రానివ్వకపోతే, తప్పు లాగిన్లు లెక్కపెట్టే ఫెయిల్‌లాక్ ఉన్న సిస్టమ్‌లలో డిఫాల్ట్‌గా మూడు తప్పులకు 600 సెకన్ల లాక్ ఉంటుందని గుర్తుపెట్టుకుని కాసేపు ఆగి చూడండి.

లాగిన్ అయ్యాక వచ్చే ఎర్రర్లను కూడా చాలామంది లాగిన్ ఎర్రర్ అనే అంటారు. స్టార్టప్‌లో నడిచే ప్రోగ్రామ్ ఒకటి అడ్మిన్ హక్కులు అడుగుతుంది, లిమిటెడ్ ఖాతాకు అవి లేవు, ప్రతి ఉదయం ఒక డబ్బా వస్తుంది. ఆ ప్రోగ్రామ్‌ని ఆ ఖాతా స్టార్టప్ నుంచి తీసేయండి, నిజంగా కావాలంటే అడ్మిన్‌లోంచి టాస్క్ షెడ్యూలర్‌లో హైయెస్ట్ ప్రివిలేజెస్‌తో పెట్టండి. పాత ప్రోగ్రాములు సెట్టింగులను ప్రోగ్రామ్ ఫైల్స్‌లోనే రాయాలని చూస్తాయి, అక్కడ రాసే హక్కు లిమిటెడ్ ఖాతాకు ఉండదు. ఆ ఒక్క ప్రోగ్రామ్ ఫోల్డర్‌కు మాత్రం రాసే పర్మిషన్ ఇస్తే పోతుంది. మొత్తం ఖాతాను అడ్మిన్ చేయడం కంటే ఇది నయం.

ఒకవేళ అడ్మిన్ పాస్‌వర్డ్ అడగాల్సిన చోట పెట్టే లేకుండా "నో" బటన్ ఒక్కటే కనిపిస్తే, ఆ కంప్యూటర్‌లో పనిచేసే అడ్మిన్ ఖాతా ఒక్కటి కూడా మిగల్లేదని అర్థం. ఉన్న ఒక్క అడ్మిన్‌నీ ఎవరో లిమిటెడ్ చేసేశారు. దీన్నుంచి బయటపడటం పైవాటన్నిటికంటే కష్టం, అందుకే ఎవరూ రోజూ వాడని రెండో అడ్మిన్ ఖాతా ఒకటి మొదటే చేసి, దాని పాస్‌వర్డ్ కాగితం మీద రాసి దాచుకోండి.

ఇవన్నీ చేశాక కూడా ప్రొఫైల్ లేవకపోతే ఇంక దాంతో కుస్తీ పట్టకుండా కొత్త లిమిటెడ్ ఖాతా చేసి ఫైళ్లు అందులోకి మార్చుకోవడమే. ముందు కొత్త ఖాతాతో ఒకసారి లాగిన్ అయి బయటికి రండి, అప్పుడే దాని ఫోల్డర్ తయారవుతుంది. తర్వాత అడ్మిన్‌లోంచి డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ లాంటివి కాపీ చేయండి. ఎన్‌టీయూజర్ అని మొదలయ్యే ఫైళ్లను కాపీ చేయకండి, రోగం వాటితోనే వస్తుంది. బ్రౌజర్ బుక్‌మార్కులు, మెయిల్ ఫైళ్లు యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్ని మొత్తంగా కాకుండా కావాల్సినవి మాత్రం తీసుకోండి. కొన్ని వారాలు వాడి, ఏదీ మిస్ అవ్వలేదని తేలాక పాత ప్రొఫైల్ తీసేయండి. తీసేయడమంటే యూజర్స్‌లోకి వెళ్లి ఫోల్డర్ మీద డిలీట్ కొట్టడం కాదు. అలా చేస్తే రిజిస్ట్రీలో దాని నంబర్ మిగిలిపోతుంది, ఆ ఖాతాతో మళ్లీ ఎవరైనా లాగిన్ అయితే తాత్కాలిక ప్రొఫైల్ గొడవ మొదటికొస్తుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో యూజర్ ప్రొఫైల్స్ పక్కన సెట్టింగ్స్ నొక్కితే జాబితా వస్తుంది, అక్కడినుంచి తీసేస్తే ఫోల్డర్, నంబర్ రెండూ కలిసి పోతాయి.